చిన్న పెట్టెలో దారం

తెరమీద ఒక గీత, కొన్ని చుక్కలు. గీతని కంప్యూటరు గీసింది. చుక్కల్ని వదిన పెట్టింది. గీత మర్యాదగా, తొందరేమీ లేనట్టు కిందికి దిగుతోంది. చుక్కలు మాత్రం మెట్టు తప్పినట్టు సగం దారిలోనే దబ్బున అడుక్కి చేరాయి. ఆ రెండింటికీ మధ్య మిగిలిన ఖాళీ జాగాలో పెద్దసారు తన పెన్నుని గుండ్రంగా తిప్పారు.

"ఇక్కడేమైందమ్మా?" అన్నారు వదినతో.

పెద్దసారు కోప్పడే మనిషి కాదు. కోప్పడేవాళ్ళతో ఏ బాధా లేదు, తిరిగి నాలుగు మాటలనొచ్చు. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళతోనే చిక్కు. ఏ లెక్క కుదిరినా "అద్భుతం" అంటారు కాబట్టి ల్యాబులో అందరూ ఆయన్ని చాటుగా అద్భుతంగారు అంటారు. వదిన చుక్కలు తెరకెక్కినప్పటి నుంచీ ఆ మాట ఆయన నోట వినబడలేదు.

వాళ్ళు తయారుచేసేది కుట్లు వేసే దారం. ఒంటి లోపలెక్కడో కుట్టువేసి పైన మూసేస్తే, గాయం మానేదాకా గట్టిగా పట్టి ఉంచి, ఆ తర్వాత తనంతట తానే కరిగిపోవాలి. మళ్ళీ కోసి తియ్యనక్కర్లేదు. చెప్పడానికి ఇంతే. గాయం మానకముందే కరిగిందా, లోపల కుట్టు విడిపోయి మనిషి ప్రాణం మీదికొస్తుంది. అందుకని దారపు అణువుల్నీ నీళ్ళ అణువుల్నీ కంప్యూటరులో కలిపి వదిలి, ఎంతకాలం నిలుస్తుందో లెక్కకట్టేది ఒకరు. నిజం దారాన్ని వేడినీళ్ళ జాడీల్లో నానేసి, తీసి, ఆరబెట్టి, లాగి, ఎంత బలానికి తెగుతుందో చూసేది ఇంకొకరు. వేడినీళ్ళలో అయితే నెలల్లో జరిగేది రోజుల్లో తేలిపోతుంది. రోజులు గడిచేకొద్దీ తగ్గే ఆ బలమే తెరమీది గీతా, చుక్కలూ. లెక్క కట్టేది మరదలు. దారం తీసి ఆరబెట్టేదీ, జాడీలు చూసేదీ వదిన, అంటే మరదలి భర్తకి సొంత అక్క.

"నీళ్ళు మార్చడం, ఆరబెట్టడం అంతా పద్ధతి ప్రకారమే చేశాను సార్," అంది వదిన. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఒక చేతి బొటనవేలితో రెండో చేతి గోళ్ళని ఒక్కొక్కటే నొక్కుకుంటోంది. ఆ వేళ్ళ చివర్లు రోజంతా నీళ్ళలో నాని ఎప్పుడూ ముడతలుపడే ఉంటాయి.

"చేశారు, కాదనను. అయితే లెక్కకి చెయ్యి వణకదు కదమ్మా. మనిషి చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు తడబడుతుంది. అదేం నేరం కాదు." ఆయన నిజంగానే ఓదార్పుగా నవ్వారు. "వచ్చే వారం ఆస్పత్రి నుంచి డాక్టరమ్మగారు వస్తున్నారు. ఆవిడ సరేనంటే రోగులకి వాడి చూడటం మొదలుపెడతాం. ఈలోగా కొత్త దారం తీసి, బాగా ఆరనిచ్చి, ఇంకోసారి చూడండి. అప్పటికీ కుదరకపోతే, స్టోర్సులో మనిషి కావాలంటున్నారు. కూర్చుని చేసే పని. మీకూ హాయి."

వదిన తలూపింది. జాడీల గది వదిలి సామాన్ల గదికి పోవడం ఆమెకి హాయి అని, ఆ ముఖం చూసినవాళ్ళెవరూ అనుకోరు.

మరదలు పక్క కుర్చీలోనే ఉంది. తన గీతకి వంక పెట్టనందుకు మొదట ఆమె ప్రాణం తేలికపడింది. ఆ గీత నిలబడితే ఈ ఏడు ఆమె ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. మరుక్షణంలోనే ఆ తేలిక మీద ఆమెకి సిగ్గేసింది. 'వదిన చెయ్యి తడబడదు సార్' అని ఒక్క మాటంటే చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. ముందున్న నీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ బిగించింది.

ఇంటికి ఇద్దరూ ఒకే బస్సులో వెళతారు. రోజూ ల్యాబు గేటు దాటగానే వదిన నోరు విప్పుతుంది, ఇల్లు చేరేదాకా మూత పడదు. ఆ రోజు మూడు స్టాపులు గడిచాక గానీ మాట్లాడలేదు.

"నీ గీత బావుందే."

"వెక్కిరించకండి వదినా."

"వెక్కిరింపేముంది? బావుంటే బావుందన్నాను. నా చుక్కల్ని చూస్తే నాకే నవ్వొచ్చింది. ఎవరో టీ ఒలకబోసినట్టున్నాయి."

మరదలు కిటికీలోంచి బయటికి చూసింది. ఏదో ఒకటి అనాలి. "ఆరబెట్టేటప్పుడు కిటికీ ఏమైనా తెరిచుందేమో..."

"నువ్వు కూడానా?" అంది వదిన. కోపంగా అనలేదు. కుడిచెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి గాల్లో నిలిపింది. "చూడు. వణుకుతోందా?"

"బస్సు వణుకుతోంది వదినా."

"అదీ నిజమేలే," అంది వదిన. కానీ చెయ్యి మాత్రం దిగేదాకా అలాగే పట్టుకుని చూసుకుంటూ కూర్చుంది.

ఆ రాత్రి నుంచి ఇంట్లో కొత్త వేడుక మొదలైంది. వదిన టీ గ్లాసుల్ని అంచుదాకా నింపి, వంటింట్లోంచి ముందుగదిలోకి చుక్క ఒలక్కుండా తెస్తోంది. గ్లాసు పెట్టాక సాసరు వంక చూస్తుంది. పొడిగా ఉంటే ముఖం విప్పారుతుంది. తమ్ముడికి సంగతి తెలీదు. "ఏంటక్కా, సర్కసులో చేరుతున్నావా? చెప్తే టికెట్టు కొనుక్కుంటాం కదా," అన్నాడు. వదిన నవ్వి వాడి నెత్తిన మొట్టింది. మరదలు గ్లాసందుకుని పెదాలు కాల్చుకుంది.

*

రెండు రోజుల తర్వాత పెద్దసారు మరదలి గదిలోకి తొంగిచూశారు. "డాక్టరమ్మగారికి మన గీతలేం అర్థమవుతాయి? ఒక మంచి బొమ్మ చెయ్యమ్మా. రంగుల్లో, అందంగా. నీళ్ళు లోపలికి పోలేక ఎలా ఆగిపోతున్నాయో కళ్ళకి కట్టాలి."

ఈ బొమ్మ సంగతి అర్థం కావాలంటే పెట్టె సంగతి తెలియాలి. దారం మన కంటికి దారమే. దగ్గరికెళితే అది పొడవాటి అణువుల గొలుసుల గుంపు. నీళ్ళు ఆ గొలుసుల మధ్య దూరి, లంకెల్ని ఒక్కొక్కటే కొరికేస్తాయి. దారం కరగడమంటే అదే. దారంలో నలుసంత ముక్క కూడా ఏ కంప్యూటరులోనూ పట్టదు కాబట్టి, ఈ పని చేసేవాళ్ళు చిన్న పెట్టె ఒకటి తీసుకుని, అందులో కొన్ని గొలుసులూ కాసిని నీళ్ళూ పోస్తారు. పెట్టెకి గోడలుండవు. కుడివైపు నుంచి బయటికిపోయింది ఎడమవైపు నుంచి లోపలికొస్తుంది. పైనుంచి పోయింది కిందనుంచి వస్తుంది. అలా చేస్తే అదే పెట్టెని అన్ని దిక్కులా పేర్చుకుంటూ పోయినట్టవుతుంది. లోపలున్న అణువు తాను దారం నడిబొడ్డున ఉన్నాననుకుంటుంది.

మొదట్లో గొలుసులు పొట్టివి. మరదలు చిన్న పెట్టె పెట్టింది, లెక్క చకచకా తెమిలింది. తర్వాత దారం ఇంకా గట్టిగా రావాలని వదిన జాడీల గదిలో గొలుసుల్ని పొడుగు చేసింది. మరదలు కూడా కంప్యూటరులో గొలుసుల్ని పొడుగు చేసింది. పెట్టెని మాత్రం అలాగే ఉంచింది. లెక్క బాగా వచ్చింది, సారు అద్భుతమన్నారు, ఇక పెట్టె జోలికెళ్ళాలని ఎవరికి తోస్తుంది?

ఇన్నాళ్ళూ గొలుసులన్నీ తెరమీద ఒకే బూడిదరంగు. ఇప్పుడు బొమ్మ అందంగా ఉండాలి కాబట్టి ఒక గొలుసుకి ఎరుపు, ఒకదానికి నీలం, ఇంకోదానికి పసుపు అని తలా ఒక రంగు వేసుకుంటూ పోయింది. పిల్లల గౌనుకి గుడ్డ ఎంచుకున్నంత సరదాగా ఉంది. ఆ తర్వాత తను ఎప్పుడూ గర్వంగా చూపించే చోటుకి వెళ్ళింది. అక్కడ గొలుసులు ఒకదాన్నొకటి ఆనుకుని, బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉంటాయి. నీళ్ళకి సందు దొరకదు. దారానికి బలమంతా అక్కడే.

వరసలన్నీ ఎర్రగా ఉన్నాయి.

రంగు వెయ్యడంలో పొరపాటు చేశానేమోననుకుని మళ్ళీ వేసింది. మళ్ళీ ఎరుపే. చూపుడువేలు తెరమీద పెట్టి, ఎర్రగొలుసు వెంటే జరుపుకుంటూ వెళ్ళింది. గొలుసు కుడివైపు నుంచి బయటికిపోయింది. ఎడమవైపు నుంచి లోపలికొచ్చింది. వచ్చి, ఎవరో పక్కవాళ్ళన్నట్టు తన పక్కనే తాను ఆనుకుని నిలబడింది. పొడుగైన గొలుసుకి ఆ పెట్టె చాల్లేదు. పక్కవాడి చెయ్యనుకుని తన చెయ్యే తాను పట్టుకుంటోంది. ఆ వరుసలోకి రావడానికి వేరే గొలుసు లేదు, ఆ బిగువు నిజం దారంలో ఎక్కడా ఉండదు.

మరదలు కుర్చీ ముందుకి జరుపుకుంది. నీలం గొలుసు వెంట వేలు పెట్టి చూసింది. పసుపు గొలుసు వెంటా చూసింది. అన్నిటిదీ అదే కథ.

మధ్యాహ్నం భోజనానికని బయటికొచ్చి, తిన్నగా భర్త సెలూనుకి వెళ్ళింది. అతను ఒక పెద్దాయన గడ్డానికి నురగ పూస్తున్నాడు. ఎదురుగోడకి అద్దం, వెనకగోడకి అద్దం. వాటి మధ్య బెంచీమీద కూర్చుంటే, అటూ ఇటూ మరదళ్ళు బారులు తీరి కూర్చున్నారు. అందరి ముఖాలూ ఒకేలా వేలాడిపోయి ఉన్నాయి.

"ఏంటి, ఈ వేళప్పుడు? జుట్టు కత్తిరించుకుంటావా?" అన్నాడు అతను అద్దంలోంచే.

"మీ అక్క తప్పేం లేదు. తప్పు నాది."

అతను కత్తి పక్కన పెట్టాడు. గడ్డానికి నురగతో పెద్దాయన కూడా శ్రద్ధగా చెవులొగ్గాడు. మరదలు అద్దాల్నే చూపించి చెప్పింది. "ఈ కొట్లో ఎంతమంది ఉన్నారని అద్దాన్నడిగితే ఏం చెప్తుంది? ఊరంతా ఇక్కడే ఉందంటుంది. నా కంప్యూటరు అదే చెప్పింది. నేను నమ్మాను. అందరూ నమ్మారు."

"అయితే అక్క చుక్కలే నిజమా?"

"అలాగే అనిపిస్తోంది."

"మరింకేం, వెళ్ళి చెప్పెయ్." అతని ముఖంలో ఒట్టి సంతోషం తప్ప ఇంకేమీ లేదు. భార్య ఉద్యోగం మాట అతనికి గుర్తే రాలేదు.

"ముందు పెద్ద పెట్టెతో మళ్ళీ లెక్క చెయ్యాలి. గట్టిగా తేలాక చెప్తాను. ఊరికే అనుమానం చెప్పి ఏం లాభం?"

అది నిజమే. అయితే నిజమంతా అదే కాదు. ఇంకొన్ని రోజులు ఆ గీత నిలబడి ఉంటే బాగుండునని కూడా ఆమెకి ఉంది. అతను అద్దంలో ఆమె ముఖమే చూస్తున్నాడు. నురగ ఆరిపోతోందని పెద్దాయన దగ్గాడు.

*

ల్యాబులో పెద్ద లెక్కలు చేసే మిషన్లన్నీ ఒకే గదిలో ఉంటాయి. ఎవరి లెక్క ఎప్పుడు ఎక్కాలో చూసే ఆయన్ని అందరూ క్యూ బాబాయి అంటారు. పెట్టె ఎంత పెద్దది కావాలో వినగానే ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఏమ్మా, పెట్టె అడుగుతున్నావా, పెళ్ళిహాలు అడుగుతున్నావా?"

"డాక్టరమ్మగారు వచ్చేలోపు అయిపోవాలి బాబాయ్."

"నీ వెనకాల ఉన్నవాళ్ళందరూ నన్ను తిడతారు."

"నా పేరు చెప్పండి. నన్ను తిడతారు."

ఆయన గొణుక్కుంటూనే ఎక్కించాడు. లెక్క నడుస్తున్నన్నాళ్ళూ మరదలికి అన్నం సయించలేదు. వదిన ఎదురైనప్పుడల్లా చెప్పేద్దామనుకోవడం, తేలనీ అని ఆగిపోవడం. ఇంతలో ఒక సాయంత్రం వదిన టీ తెచ్చింది. గ్లాసులు మామూలుగానే ముప్పాతిక నిండి ఉన్నాయి. సాసరులో రెండు చుక్కలు ఒలికాయి కూడా. ఆమె పట్టించుకోలేదు. ఏదో కూనిరాగం తీస్తూ లోపలికెళ్ళింది.

"అక్క హుషారుగా ఉందే," అన్నాడు తమ్ముడు.

మరదలికీ సంతోషమే అనిపించింది. బెంగ తీరిందేమో, మంచిదే అనుకుంది. ఎలా తీరిందని మాత్రం అడగలేదు.

డాక్టరమ్మగారు వచ్చే రోజు ఉదయమే లెక్క తెమిలింది. కొత్త గీత తెరమీదికొచ్చింది. అది పాతదానిలా మర్యాదగా దిగలేదు. సగం దారిలోనే జారింది. వదిన మొదట పెట్టిన చుక్కల్ని తెచ్చి దానిమీద పెడితే, ఒక్కొక్కటీ దాని స్థానంలో ఒదిగి కూర్చుంది. మరదలు కుర్చీలోంచి లేచి, దాదాపు పరిగెత్తుకుంటూ జాడీల గదికి వెళ్ళింది.

వదిన పట్టకారుతో ఒక జాడీలోంచి దారం తీస్తోంది. గదంతా తడి వేడి. వరసగా జాడీలు, ఒక్కోదానిమీద కాగితం చీటీ. మూలన ఓవెన్.

"వదినా, మీ చుక్కలే నిజం! నా పెట్టె తప్పు. గొలుసులు పొడుగయ్యాక పెట్టె పెద్దది చెయ్యడం మర్చిపోయాను. ఇప్పుడు మళ్ళీ చేశాను. అచ్చం మీరు చెప్పినట్టే వచ్చింది!"

వదిన చేతిలో పట్టకారు ఆగింది.

"ఏ చుక్కలు?"

"మొదటివి. సారు తప్పన్నవి."

వదిన దారాన్ని గాజుపలక మీద మెల్లగా పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. తుడిచినచోటే మళ్ళీ తుడుచుకుంది. "మరి నిన్న నేను సారుకిచ్చినవి?"

"నిన్నా? ఏమిచ్చారు?"

"కొత్తవి. నీ గీతమీద కుదిరినవి."

ఎలా కుదిరాయని మరదలు అడగబోయింది. వదినే చెప్పింది, ఓవెన్ వంక చూస్తూ. "బాగా ఆరనివ్వమన్నారుగా. ఇంకాసేపు ఉంచాను. కొంచెం మెరుగయ్యింది. అయితే ముందు సరిగ్గా ఆరలేదు కాబోలు, తప్పు నాదే కాబోలు అనుకున్నాను. ఇంకా వేడి పెంచాను, ఇంకాసేపు ఉంచాను. చివరికి కుదిరింది."

"ఆరడం కాదు వదినా అది. అంత వేడిలో గొలుసులు పద్ధతిగా సర్దుకుని బిగుసుకుంటాయి. నీళ్ళకి సందుండదు. నా చిన్న పెట్టె అబద్ధంగా చూపించిన బిగువునే, మీరు ఓవెన్లో నిజంగా తెప్పించారు."

"నాకు తెలీదనుకున్నావా?" వదిన గొంతు గట్టిగా లేదు. "ఇన్నేళ్ళుగా దారం తీస్తున్నాను. తెలుసు. తెలిసే, తెలియనట్టు ఊరుకున్నాను. స్టోర్సుకి భయపడే అనుకో. అదొక్కటే కాదు." ఆమె తన చెయ్యి చూసుకుంది. "నీ గీత తప్పవుతుందని నాకు ఒక్కసారి కూడా తోచలేదే. ఆ గీతా, ఈ చెయ్యీ పక్కపక్కన పెట్టుకుంటే, నా చెయ్యే తప్పనిపించింది."

పెట్టె సంగతి తెలిసిన రోజే చెప్పి ఉంటే ఈ ఓవెన్ వెలిగేదే కాదు. మరదలు ఆ మాటే అంది. వదిన వినిపించుకున్నట్టు లేదు.

"ఇప్పుడు నిజం చెప్తే, మొన్న తడబడ్డానన్నవాళ్ళే ఇప్పుడు దొంగలెక్క ఇచ్చానంటారు. ఎటు చూసినా స్టోర్సే." ఆమె మళ్ళీ పట్టకారు అందుకుంది. "చెప్పాలనుంటే చెప్పు. వద్దనుంటే మానెయ్. నన్ను మాత్రం అడక్కు."

*

సమావేశం గదిలో డాక్టరమ్మగారు కిటికీ పక్కన కూర్చున్నారు. పొట్టి జుట్టు, పొట్టి గోళ్ళు, ఎవరు మాట్లాడినా పూర్తిగా విని తలూపే అలవాటు. పెద్దసారు తెర వెలిగించారు. పాత గీత మీద కొత్త చుక్కలు తీగమీద పిట్టల్లా బారుగా వాలి ఉన్నాయి.

"అద్భుతం," అన్నారు ఆయన, చాలా రోజుల తర్వాత. వదిన వైపు తిరిగి ఆప్యాయంగా, "చెయ్యి కుదిరిందమ్మా," అన్నారు.

వదిన కళ్ళెత్తలేదు. మరదలు లేచి నిలబడింది.

"సార్, ఆ గీత తప్పు."

ఎర్రటి వరసల బొమ్మ చూపించింది. వేలు పెట్టి, కుడి నుంచి బయటికీ ఎడమ నుంచి లోపలికీ నడిపించింది. పెట్టె పెంచకపోవడం తన పొరపాటని చెప్పింది. కొత్త గీత వేసింది. పెద్దసారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ పాత తెర వేశారు.

"అదెలాగమ్మా? గీత తప్పైతే, దారం దానిమీదే ఎలా కుదిరింది? ఇవి నిజం దారపు చుక్కలే కదా?"

జవాబు మరదలి నాలుక చివరనే ఉంది. ఆ జవాబులో వదిన ఉంది. ఇంతకు ముందు ఇదే గదిలో అనవలసిన మాట అనలేకపోయింది. ఇప్పుడు అనవలసిన మాట ఉంది, అనడానికి నోరు రావడంలేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. వదిన లేచింది. కొంగు ముడిలోంచి కాగితం పొట్లం తీసి, విప్పి, రెండు దారం ముక్కలు డాక్టరమ్మగారి ముందు పెట్టింది.

"ముడెయ్యండమ్మా," అంది మొదటి ముక్క చూపించి.

డాక్టరమ్మగారు దారం అందుకున్నారు. రోజూ చేసే పనే కాబట్టి వేళ్ళు వాటంతటవే తిరిగాయి. ముడి బిగిసేలోగానే దారం పుటుక్కున విరిగింది. ఒక ముక్క ఆవిడ ఒళ్ళో పడింది.

"ఇప్పుడిది."

రెండోది మెత్తగా మెలితిరిగి, ముడి పడి, బిగిసింది. ఆవిడ లాగి చూశారు. నిలిచింది.

"రెండూ ఒకటే దారం," అంది వదిన. ఈసారి ఆమె చేతులు ఒళ్ళోకి పోలేదు, బల్లమీదే ఉన్నాయి. "విరిగింది ఓవెన్లో అతిగా వేడిచేసింది. పెళుసెక్కిపోయింది. గీతమీద కుదిరింది అదే. ముడికి నిలిచింది మాత్రం నేను మొదట తీసింది. అది తొందరగానే కరుగుతుంది, ఈ అమ్మాయి ఇప్పుడు చూపించినట్టే. ఓవెన్లో పెట్టింది నేను సార్. కుదిరేదాకా పెట్టాను."

డాక్టరమ్మగారు ఒళ్ళో పడిన ముక్కని వేలితో తీసి వెలుతురుకి పెట్టి చూశారు. "నా చేతిలోనే విరిగింది కాబట్టి సరిపోయింది," అన్నారు. గొంతులో నిష్ఠూరం లేదు. వెళ్ళేముందు ముడి నిలిచిన ముక్కని పెద్దసారు ముందుకి జరిపారు. "ఇది ఇంకొంతకాలం కరక్కుండా చూడండి. అప్పుడు పిలవండి, వస్తాను."

ఆవిడ వెళ్ళాక పెద్దసారు చాలాసేపు ఆ ముడినే తిప్పి చూస్తూ కూర్చున్నారు. ఏం వినాల్సొస్తుందోనని ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"బాగా ఆరనివ్వమంది నేనేగా," అన్నారు చివరికి, ఎవరితోనో అన్నట్టు. తర్వాత మరదలితో, "నీ పర్మనెంటు మాట ఇప్పుడు పైవాళ్ళ దగ్గర ఎత్తలేనమ్మా," అన్నారు. ఆమె తెలుసన్నట్టు తలూపింది. వదిన వైపు చూడటానికి ఆయనకి ఇంకాస్త సమయం పట్టింది. "స్టోర్సువాళ్ళని వేరే మనిషిని చూసుకోమంటాను," అన్నారు. మళ్ళీ మరదలి వైపు తిరిగి, "మీ ఇద్దరూ ఉండేది ఒకే ఇల్లు. మరి ఆవిడ గొలుసు పొడుగు చేస్తే నీ పెట్టెకి తెలీదు. నీ పెట్టె ఇరుకైతే ఆవిడ ఓవెన్‌కి తెలీదు. ఇదేం చోద్యం? రేపట్నుంచి నీ కంప్యూటరు జాడీల గదిలో పెట్టుకో."

ఆ మర్నాడు క్యూ బాబాయి తీగల చుట్ట భుజానేసుకొచ్చాడు. ఓవెన్‌కీ జాడీల వరసకీ మధ్య మరదలి బల్ల పట్టించేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి. "పెద్ద పెట్టె, పెద్ద పెట్టె అని నన్ను వేపుకుతిన్నావు. చూడు, ఎంత ఇరుకు గదిలో పడ్డావో," అని ఆయన నవ్వుకుంటూ వెళ్ళాడు.

వదిన జాడీల దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగింది. "అవునే, పొద్దస్తమానం తెరమీద తిప్పుతుంటావు. ఈ దారాన్ని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా?"

మరదలు ఆలోచించింది. ఒక్కొక్క అణువూ ఎటు తిరుగుతుందో ఆమె చెప్పగలదు. దారాన్ని ముట్టుకోవడం మాత్రం ఎప్పుడూ జరగలేదు. "లేదు వదినా."

"ఇలా రా."

పట్టకారు ఎలా పట్టుకోవాలో చూపించింది. గట్టిగా నొక్కకూడదు, వదులుగానూ ఉండకూడదు. మరదలు పట్టకారుని జాడీలో ముంచింది. దారం చివర దొరికింది. మెల్లగా పైకి లేపుతూ, నీళ్ళ అంచు దాటించబోయింది. సరిగ్గా అక్కడ అది చడీచప్పుడు లేకుండా రెండుగా తెగి, ఒక ముక్క మళ్ళీ నీళ్ళలోకి జారిపోయింది.

మరదలి ముఖం ఎర్రబడింది. "అయ్యో, నా చెయ్యి తడబడింది వదినా."

వదిన జాడీమీద చీటీ చూసి, నానేసి ఎన్ని రోజులైందో లెక్కపెట్టింది. మరదలి తెర దగ్గరికి నడిచి, కొత్త గీత మీద ఆ రోజు ఎక్కడుందో వేలితో వెతికి పట్టుకుంది. తర్వాత వెనక్కి వచ్చి, ఇంకా పట్టకారు పట్టుకునే ఉన్న ఆ చేతిమీద తన తడి చెయ్యి వేసింది.

"చెయ్యి తడబడలేదు. దారం తెగే రోజు ఇదే," అంది. "ఇంకో జాడీ తియ్యి."